మావయ్య రివెట్ల లెక్క, నా గ్రాముల లెక్క

ఈ వారం ఉత్తరం గుంటూరు జిల్లా నుంచి వచ్చింది. రాసినాయన పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతారు. వయసు నలభై దాటింది, పేరు వేయొద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు తూకాల పట్టికే కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆయన మేనమామ వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా (విమానం బాడీ, రెక్కలు చూసే మెకానిక్‌గా) చేసి రిటైరయ్యారు. ఇప్పుడు 77 ఏళ్లు. 1971 యుద్ధం నాటికి కలకత్తా వైపు, నాట్ అనే బుల్లి జెట్ ఫైటర్ల దగ్గర పనిలో ఉన్నారు. అత్తయ్య పోయాక మూడేళ్లుగా మేనల్లుడి ఇంట్లోనే ఉంటున్నారు. మేనల్లుడికి రిమోట్ విమానాల సరదా. ఆ సరదా మీదే ఇద్దరూ కలిసి అసలులో ఆరో వంతు సైజులో ఒక నాట్ కట్టారు. బాడీ థర్మాకోల్, రెక్క బాల్సా చెక్క, పైన ఫెవికాల్‌తో అంటించిన బ్రౌన్ పేపర్, లోపల జెట్ ఇంజిన్ బదులు గొట్టంలో తిరిగే 90 మిల్లీమీటర్ల డక్టెడ్ ఫ్యాన్. బరువు 2,150 గ్రాములు. వెండి రంగు వేసి, వైమానిక దళం గుర్తు గుండ్రాలు దిద్ది పదకొండు సార్లు ఎగరేశారు. మొదటిసారి లేచినప్పుడు మావయ్య ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.

ఒకరోజు ఇద్దరు మిత్రుల ముందు మావయ్య, "దూరం నుంచి నాటే, దగ్గరికొస్తే పిచ్చుక" అన్నారు. మిగిలిన బ్రౌన్ పేపర్ మీద పెన్సిల్‌తో, జ్ఞాపకంలోంచి, రెండు వైపులా మూతలు, అతుకులు, రివెట్ల వరసలు గీసిచ్చారు. నాలుగు నెలల పాటు అదే పని. రంగు మరో రెండు కోట్లు, కాక్‌పిట్, అందులో పైలట్ బొమ్మ, తోకలో చెక్కతో జెట్ పైపు, గోందు చుక్కలతో రివెట్లు. బరువు 2,480కి చేరింది. పన్నెండోసారి దిగేటప్పుడు విమానం వేగంగా వచ్చి నేలను గుద్దింది. ముక్కు చక్రం కాలు విరిగింది, కింద పొట్ట చీరుకుపోయింది. మావయ్యకి మాత్రం "రాయి తగిలింది" అని చెప్పారు. తర్వాత ఆయన రివెట్ల మీద బొటనవేలు రాసి "గజ్జి లేచినట్టుంది, ఇది కాదు" అనేసరికి ఈయనకి ఒళ్లు మండి, "చాలు మావయ్యా, ఇంక ఈకలు పీకకు" అన్నారు. అప్పట్నుంచి ఆయన ఆ గదిలోకి రావడం లేదు. పటం మడతపెట్టి టీవీ కింద ఉంది. "వివరాలన్నీ పీకేసి ఎగరేసుకోనా? హాల్లో షోకి వేలాడదీయనా? ఇంకోటి కట్టనా? నేను తప్పు చేశానా?" అని అడుగుతున్నారు. చివర వేరే ఇంకుతో ఆయన భార్య ఒక లైను చేర్చారు: "హాలు ఖాళీ లేదు."

అమ్మా, మీ లైను గుర్తుంచుకునే రాస్తున్నాను.

ఇక మీకు. తప్పు చేశారా అన్నది చివర్లో అడిగారు గానీ ముందు అదే చూద్దాం. ఈకలు పీకొద్దన్న మాట విసుగులో వచ్చింది, ఇళ్లల్లో వస్తూనే ఉంటుంది. నాకు గుచ్చుకున్నది రాయి. నాకు పంపిన తూకాల పట్టిక చాలా శ్రద్ధగా ఉంది. ఏ వస్తువు ఎన్ని గ్రాములో, సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) నుంచి ఎంత దూరంలో ఉందో అన్నీ రాశారు. ముక్కూ మొహం తెలియని నాకు పంపిన ఆ కాగితం పక్క గదిలో ఉన్న మావయ్యకి చూపించలేదు. ఆయన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. బరువు, బ్యాలెన్స్ అంటే ఏమిటో మీ ఇంట్లో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆయన దృష్టిలో ఇప్పుడు జరిగిందేమిటంటే, గ్రౌండులో రాయి చూసుకోని మేనల్లుడు తిరిగి తన మీదే కసిరాడు. ముసలాయన మనసు నొచ్చుకుంటుందని అసలు కారణం దాచారు, సరే. కానీ దాచిన దానివల్లే ఎక్కువ నొచ్చుకున్నారు.

రెండోది. "గజ్జి లేచినట్టుంది" అన్న మాటని మీరు "ఇంకా సరిపోలేదు, ఇంకా చెయ్యి" అని విన్నారు. నేను చదివితే అలా అనిపించలేదు. ఆ కాలపు జెట్ ఫైటర్ పైతొడుగు మీద ఉండేవి చాలావరకు ఫ్లష్ రివెట్లు. తల రేకులోకి అణిగిపోయి, చేత్తో తడిమితే దాదాపు నున్నగా ఉంటుంది. మీరు సూది సిరంజితో పెట్టిన గోందు చుక్క రెండు మిల్లీమీటర్లని రాశారు. ఆరుతో హెచ్చవేయండి. అసలు విమానం మీద అది 12 మిల్లీమీటర్ల బోల్టు తల, అదీ పైకి పొడుచుకొచ్చి! అయిదు మిల్లీమీటర్ల రివెట్ తల మీ సైజులో ఒక మిల్లీమీటరు కూడా రాదు, 0.8 మాత్రమే. ఆయన అడిగింది ఎక్కువ కాదండీ, తక్కువ. బొటనవేలితో రాసి చూశారంటేనే అర్థం కావాలి, కంటికంటే ముందు ఆయన చెయ్యి ఒప్పుకోలేదు.

"ఎవరికీ కనపడని రివెట్లెందుకు" అన్న మీ మిత్రుడి మాటకొద్దాం. లెక్క ప్రకారం ఆయనదీ నిజమే. మామూలు చూపున్న కంటికి 50 మీటర్ల దూరంలో సుమారు 15 మిల్లీమీటర్ల కంటే చిన్నవి విడివిడిగా కనపడవు. 0.8 మిల్లీమీటర్ల చుక్క కనపడాలంటే మూడు మీటర్ల లోపుకి రావాలి. అంటే గాల్లో ఉన్న విమానానికి రివెట్లు ఉన్నా లేకున్నా ఒకటే. అయితే మావయ్య విమానాలతో గడిపింది గాల్లో కాదు, చేయి చాపితే అందే దూరంలో. పైలట్‌కి విమానం ఆకాశంలో ఉంటుంది, ఫిట్టర్‌కి మోచేతి దగ్గర ఉంటుంది. అందుకే దూరం నుంచి నాటే అన్నారు, దగ్గరికొస్తే పిచ్చుక అన్నారు. అది వెక్కిరింత అని మీరనుకున్నారు. రెండు దూరాల నుంచి ఇచ్చిన రిపోర్టు అని నాకనిపిస్తోంది. (మిత్రుల ముందు అనకుండా ఉండాల్సిందన్నది వేరే సంగతి. ఆ తరం వాళ్లకి ఆ పట్టింపు తక్కువ.)

ఇప్పుడు ఆ 330 గ్రాములు. ఆరో వంతు నాట్‌కి రెక్క వైశాల్యం సుమారు 35 చదరపు డెసిమీటర్లు. రెక్క మోసే బరువు, అంటే రెక్క మీద మోత, చదరపు డెసిమీటరుకి 61 గ్రాములున్నది 71 అయింది. గాల్లో నిలబడటానికి కావాల్సిన కనీస వేగం బరువు వర్గమూలంతో పెరుగుతుందని మీరు పిల్లలకి చెప్పే పాఠమే కాబట్టి వివరించను. పెరిగింది ఏడు శాతం చిల్లర. అంతేనా అనిపిస్తుంది. కానీ బరువూ పెరిగి, వేగమూ పెరిగాక, నేలను తాకేటప్పుడు ఆ ముక్కు కాలు భరించాల్సిన శక్తి మూడో వంతు ఎక్కువైంది. మీకు తగిలిన రాయి అదే.

మీ పట్టికలో నన్ను ఎక్కువ బాధపెట్టింది తోక. జెట్ పైపు చెక్కతో చేశారు, 50 గ్రాములు. అది సీజీకి 65 సెంటీమీటర్ల వెనక ఉంది. దాన్ని తూచడానికి ముక్కులో 50 సెంటీమీటర్ల ముందు 65 గ్రాముల సీసం పోశారు. అంటే ఆ పైపు ఖరీదు 50 కాదు, 115 గ్రాములు. నేనూ ఒకప్పుడు ఒక మిగ్ తోకకి మెరుపు చాలలేదని మూడు కోట్లు రంగు కొట్టి, ఆ పాపానికి ముక్కులో జాలర్ల వలగుండ్లు నింపిన మనిషినే, కాబట్టి నవ్వడం లేదు.

అసలు నాట్ సంగతి మావయ్యకి తెలియకుండా ఉండదు. దాన్ని డిజైన్ చేసిన బ్రిటిష్ ఇంజనీరు పెటర్‌కి, ఫైటర్లు ఏడాదికేడాది బరువెక్కిపోతున్నాయనీ ఖరీదు మోయలేకుండా ఉందనీ బెంగ. ఆ బెంగలోంచి పుట్టినదే 1955లో మొదటిసారి ఎగిరిన ఈ బుల్లి విమానం. అదే కాలంలో మన దగ్గర ఎగిరిన హంటర్ ఫైటర్ ఖాళీ బరువు ఆరు టన్నులు దాటితే దీనిది రెండు టన్నులు చిల్లర. గన్నులు కూడా గాలి పీల్చే ఇన్‌టేకుల పక్కల్లో దూర్చారు. పాకిస్తాన్ సేబర్ ఫైటర్లని వేటాడిందని పేరు తెచ్చుకున్నది ఆ బక్క ప్రాణమే. అలాంటి విమానం బొమ్మకి అన్నిటికంటే ముందు ఉండాల్సిన పోలిక తేలికదనం. ఈ మాట మీ నోటి నుంచి వస్తే వాదనలా ఉంటుంది, తూకం ముందు పెట్టుకుని ఆయన నోటి నుంచే వచ్చేలా చూడండి.

ఇక దారులు. మీరు మూడు చెప్పారు, నాకు అయిదు కనిపిస్తున్నాయి.

అన్నీ పీకేయడం కుదిరే పని కాదు. రంగు గీకితే దానితో పాటు బ్రౌన్ పేపర్ లేస్తుంది, కింద థర్మాకోల్ బయటపడుతుంది. మళ్లీ స్ప్రే డబ్బా తగిలిందా, కరిగి గుంటలు పడుతుంది. 2,150కి తిరిగి రారు. పైగా నాలుగు నెలల పనిని మీరు గోకి పారేస్తుంటే ఆయన పక్క గదిలో ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి.

హాల్లో వేలాడదీస్తే బరువు గొడవ ఉండదు, ఆయన అడిగిన ప్రతి రివెట్టూ పెట్టొచ్చు. దానికి మీరిచ్చే ఖరీదు, ఇక ఎగరకపోవడం. ఆయన కుర్చీలోంచి లేచింది ఎగిరినప్పుడే అని మీరే రాశారు. ఈ దారిలోకే వెళ్తే మాత్రం లిపో బ్యాటరీ లోపల ఉంచి వేలాడదీయకండి. సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి విడిగా దాచండి. హాలు విషయం ఇంటావిడతో తేల్చుకోండి, నేను దూరను.

బరువు అలాగే ఉంచి మోటారు, బ్యాటరీ పెద్దవి వేయడం మూడోది. మన హాబీలో ఎక్కువమంది చేసేది ఇదే. లేవడం సులువవుతుంది. దిగడం ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే దిగే వేగాన్ని నిర్ణయించేది మోటారు కాదు, రెక్క మీద మోత. మళ్లీ కాలు విరుగుతుంది, ఈసారి ఏ రాయి చెబుతారు?

నాలుగోది విమానాన్ని పథ్యం పెట్టడం. నా మొగ్గు ఇటే, అయినా ఇందులోనూ ఓపిక ఖర్చవుతుంది. చెక్క పైపు తీసి పల్చటి ప్లాస్టిక్ షీటు గొట్టంలా చుట్టి లోపల మసి నలుపు వేస్తే పది గ్రాముల్లో పోతుంది, దానికి ముక్కులో 13 గ్రాముల సీసం చాలు. అక్కడే 92 మిగిలాయి. పైలట్‌ని మట్టితో చేశారు. థర్మాకోల్‌తో చెక్కి, లోపల డొల్ల చేసి, ఛాతీ వరకే పెట్టండి, ఎవరూ కాళ్లు వెతకరు. పైకప్పు అద్దానికి వాటర్ బాటిల్ ప్లాస్టిక్ చెక్క అచ్చు మీద తొడిగి హాట్ గన్ పట్టుకుంటే బిగుసుకుపోతుంది. కాక్‌పిట్ 65 నుంచి 30కి దిగుతుంది. రెండూ కలిపి 127 గ్రాములు వెనక్కొస్తాయి, చూపుకి ఏ లోటూ ఉండదు. 2,353 దగ్గర ఎగరొచ్చు. సీజీ మాత్రం మళ్లీ చూసుకోండి, ముక్కు కాలు వైరు ఒక సైజు లావుగా వేయండి. డ్రాప్ ట్యాంకులు (రెక్కల కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకులు) కావాలంటే చిన్న అయస్కాంతాలతో తగిలించండి. కుర్చీ ముందు ఉన్నప్పుడు ఉంటాయి, ఎగిరే ముందు జేబులోకి వెళ్తాయి.

గోందు రివెట్లని మాత్రం తడి ఎమెరీ పేపర్‌తో నిదానంగా నున్న చేయండి. చేతికి తగలని దాకా, కాగితం బయటపడక ముందు దాకా. వాటి బదులు గీత. అతుకుల గీతలకి చెక్కిన పెన్సిల్, స్టీలు స్కేలు, వంపుల మీద ఇన్సులేషన్ టేప్ సన్నగా కోసి అంచుగా. రివెట్లకి పెన్సిల్ మొనతో తాకీ తాకని చుక్కలు, అదీ ప్రతి వరసా అక్కర్లేదు, నాలుగు వరసలకి ఒకటి గీసినా కన్ను మిగతావి పూరించుకుంటుంది. కొన్ని ప్యానెల్స్‌కి వెండి రంగులో ఒక్క చుక్క నలుపు కలిపి ఛాయ మార్చండి. అన్ని రేకులూ ఒకే ఈడువి కావు కదా. పెన్సిల్ పొడి వేలికి రాసుకుని ఇన్‌టేకుల వెనక, గన్ను మూతుల దగ్గర పులమండి. మొత్తం మీద నీళ్లలో కలిసే రకం క్లియర్ (రంగులేని వార్నిష్) పల్చగా ఒక్క కోటు. వీటన్నిటి బరువూ కలిపి ఒక చెంచా చక్కెరంత ఉండదు.

అయిదోది మావయ్య కోసం. విమానం ముక్కు భాగమో, ఒక ఇన్‌టేకూ గన్నూ ఉన్న పక్కభాగమో, అంత వరకే పెద్ద సైజులో, ఎగరక్కర్లేని ముక్కగా. అసలులో మూడో వంతు కడితే రివెట్ తల 1.7 మిల్లీమీటర్లు వస్తుంది, నిజంగా రేకు మీద గుచ్చి చూపించొచ్చు. బల్ల మీద పట్టేంతే. పథ్యంతో పాటు ఇది కూడా సాగొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన చేతుల్లో వణుకు మొదలైందని రాశారు. పని మొత్తం మీ మీద పడి, మీరు నాలుగు నెలలకి మళ్లీ విసుక్కునేట్టయితే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

దేనికైనా ముందు తేలాల్సింది ఒకటుంది. ఆయన పటానికీ మీరు వెతికిన ఫొటోలకీ పొంతన లేదన్నారు, ఆయన జ్ఞాపకం చెదిరిందేమోనని భయపడ్డారు. తొందరపడకండి. ఇంటర్నెట్‌లో నాట్ అని కొడితే ముందు వచ్చేవి బ్రిటిష్ విన్యాసాల జట్టు రెడ్ యారోస్ ఎగరేసిన ఎర్ర విమానాలు. అవి రెండు సీట్ల ట్రెయినర్లు. ముక్కు పొడుగు, రెక్క పెద్దది, మూతలు వేరు. తర్వాత మన హెచ్‌ఏఎల్ మార్పులు చేసి కట్టిన అజీత్ ఫొటోలు కూడా నాట్ పేరు మీదే తిరుగుతుంటాయి. మీకు కావాల్సింది ఒంటి సీటు నాట్. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటుంది. 1965 యుద్ధంలో పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగిపోయి చిక్కిన ఇంకొకటి కరాచీ మ్యూజియంలో ఉంది, దాని ఫొటోలూ దొరుకుతాయి. రంగు గురించి కూడా ఆయన్ని అనుమానించకండి. 65 నాటి ఫొటోల్లో వెండి మెరుపే కనిపిస్తుంది, 71 నాటికి ఆకుపచ్చ కామఫ్లాజ్ మరకలు వేసినవీ ఉన్నాయి. మీరిద్దరూ రెండు వేర్వేరు సంవత్సరాల విమానాల గురించి వాదించుకుంటున్నట్టున్నారు. స్కేల్ మోడల్ పోటీల్లో కూడా జడ్జీలు "నాట్ ఎలా ఉంటుంది" అని చూడరు, "నువ్వు తెచ్చిన ఫొటోలోని ఈ విమానంలా ఉందా" అనే చూస్తారు. కాబట్టి ఒక విమానం, ఒక సంవత్సరం ఎంచుకోండి. ఏ విమానమో ఆయన్నే అడగండి.

అడిగేటప్పుడు యుద్ధం ఎత్తకండి. 1971 నవంబర్ 22న కలకత్తా డమ్ డమ్ నుంచి లేచిన నాలుగు నాట్‌లు సరిహద్దు దగ్గరి బొయ్రా మీద సేబర్లతో తలపడిన సంగతి ఎంతమంది అడిగినా ఆయన "నేను కింద ఉన్నాను" అని ఊరుకుంటారని రాశారు. ఆయన మాట్లాడేదల్లా ఇంజిన్ పక్కన ఒక మూత గురించి. దాని స్క్రూ ఎప్పుడూ మొండికేసేది, దానివల్లే ఎడమ బొటనవేలి మీద మచ్చ. ఆ మూత పటంలో ఉందా అని చూశారా? నాకు పంపిన జిరాక్సులో కుడి వైపు, రెక్క వెనక, మిగతా గీతల కంటే గట్టిగా ఒత్తి గీసిన నలుచదరం ఒకటి కనిపించింది. పెన్సిల్ కాగితాన్ని దాదాపు చింపింది.

టీవీ కింద నుంచి పటం తీయండి. దానితో పాటు మీ తూకాల పట్టిక, వంటింట్లో తూకం మిషన్, విరిగిన కాలు, నాలుగూ ఆయన ముందు పెట్టండి. రాయి తగల్లేదు మావయ్యా, బరువెక్కి దిగింది అని చెప్పండి. రివెట్ల గురించి నువ్వన్నదే కరెక్టు, అవి లేవకూడదు అని కూడా చెప్పండి. 120 గ్రాములు తగ్గించాలి, ఎక్కడ తీద్దాం అని అడిగి ఊరుకోండి. మొదటి పది నిమిషాలు తిడతారు. తర్వాత కళ్లజోడు అడుగుతారని నా అంచనా. తప్పయితే మళ్లీ రాయండి.

గీతలన్నీ మీరు గీయండి. ఆ ఒక్క నలుచదరం మాత్రం ఆయన చేత గీయించండి. చెయ్యి వణికితే వణకనీయండి, దిద్దకండి. పైన క్లియర్ వేసే ముందు ఒక రాత్రి ఆరనివ్వండి, లేకపోతే పెన్సిల్ పులుముకుపోతుంది.